పన్నెండు విమానాలు, డెబ్బైరెండు బిళ్లలు

ఎరుపుకీ పచ్చకీ తేడా నా కంటికి తెలియదు. పుట్టిన దగ్గర నుంచీ అంతే. ఈ మాట ఇప్పుడు ఇంత తేలికగా రాసేస్తున్నాను గానీ, ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు. చెప్పకపోవడం ఒక ఎత్తు. ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఆరేళ్ల పాటు రంగులు వేసే పని చేయడం ఒక ఎత్తు.

నాన్న పోయాక అమ్మా నేనూ అక్క ఇంటికి చేరాం. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు పక్కన, సముద్రం ఇంకా నాలుగు మైళ్లు ఉందనగా ఉండేది ఆ ఇల్లు. ఇంటి ముందు తాటాకు పంచలో బావ పెయింటింగు పని చేసేవాడు. బస్సుల మీద ఊళ్ల పేర్లు, దుకాణాల బోర్డులు, చర్చి గోడల మీద వాక్యాలు, వేట లేని రోజుల్లో మైపాడు పడవలు, ఏదొస్తే అది. నేను ఎస్సెల్సీ తప్పి ఖాళీగా ఉన్నాను. బావ ఒక రోజు బ్రష్ చేతికిచ్చి పలక మీద నా పేరు రాయమన్నాడు. రాశాను. అది చూసి ఆయన అక్కను పిలిచి, వీడి చెయ్యి వణకదే, అని మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి నాకదే పని.

గీత విషయంలో నాకు భయం లేదు. తాడు పట్టకుండా బస్సు పొడవునా సమంగా అక్షరాలు రాయగలను. భయమంతా డబ్బాల దగ్గరే. డబ్బా మీద రంగు పేరు అచ్చేసి ఉంటుంది కాబట్టి కొత్త డబ్బాతో చిక్కు లేదు. అక్షరాలు చెరిగిపోయిన పాత డబ్బాలకు అడుగున మేకుతో గీతలు గీసుకునేవాణ్ణి. రెండు రంగులు కలిపి మూడోది చేయాల్సి వస్తే ఏదో ఒక వంక పెట్టి బావ చేతే కలిపించేవాణ్ణి. సరిపోయిందా లేదా అని ఆయన అడిగితే, ఇంకొంచెం ముదురు ఉంటే బాగుంటుందేమో అని గొణిగేవాణ్ణి. ఆ మాట ఏ రంగుకైనా పనికొస్తుంది.

ఇంతకీ ఎందుకు దాచానంటే, రెండో తరగతిలో చిలక బొమ్మకు ఎర్ర రంగు పూసి దెబ్బలు తిన్నాను. అయ్యవారు అది పొగరనుకున్నారు. పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం ఆ చిలక బాగానే ఉంది. అందరికీ కనపడేది నాకు కనపడటం లేదని ఆ రోజు తెలిసింది. నాలో ఏదో లోపం ఉందనీ, అది మొద్దుతనం లాంటిదేననీ కూడా ఆ రోజే నిర్ణయించుకున్నాను. అప్పటి నుంచి రంగుల మాట ఎత్తితే చాలు, ముక్కు మీద కోపం. కోపగించుకునే మనిషిని ఎవరూ రెండోసారి అడగరు. అందువల్ల నాకు కోపిష్ఠి అని పేరొచ్చింది. దానికి నేను పెద్దగా బాధపడలేదు. గుట్టు బయటపడితే పోయేది బతుకుతెరువు. రంగు తెలియని పెయింటర్ని ఎవరు పెట్టుకుంటారు? నాకు ఇంకో పని రాదు. అమ్మ నా మీదే ఆధారపడి ఉంది.

పాకిస్తానుతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, దగ్గర్లోని హైస్కూలు నుంచి సైన్సు అయ్యవారు సైకిలు మీద వచ్చాడు. వెనక గోనెసంచి. అందులో పాత పంచెల్లో చుట్టిన పన్నెండు చిన్న విమానాలు, రకరకాలవి. పిల్లల చేత బూరుగు కొయ్యతో చెక్కించాడట. రెక్కలు మూరెడు కూడా లేవు గానీ ముక్కూ తోకా చక్కగా కుదిరాయి. గరుకు కాగితంతో ఎంత రుద్దించాడో, చెయ్యి పెడితే జారిపోతున్నాయి. స్కూలు వార్షికోత్సవానికి మద్రాసు నుంచి ఒక విమానదళం ఆఫీసరు వస్తున్నాడనీ, ఆయన ఒకప్పుడు ఈ స్కూల్లోనే చదివాడనీ, ఇవన్నీ రంగులేసి హాల్లో పైకప్పుకు వేలాడదీయాలనీ చెప్పాడు. సంబరం సోమవారం. అప్పటికి పది రోజుల వ్యవధి ఉంది.

అయ్యవారు ఒక కాగితం కూడా తెచ్చాడు. పెన్సిలుతో గీసిన బొమ్మ. విమానం ఒంటికంతా సిల్వరు రంగు. రెక్కల పైన రెండు, కింద రెండు, ఒంటికి అటూ ఇటూ రెండు, మొత్తం ఆరు గుండ్రటి బిళ్లలు. బిళ్లకు బయట కాషాయం, తర్వాత తెలుపు, నడి మధ్యలో పచ్చ. తోక మీద ఇవే మూడు రంగుల పట్టీలు. ఏ పక్క నుంచి చూసినా కాషాయం పట్టీ ముక్కు వైపే ఉండాలని ఆయన రెండుసార్లు చెప్పాడు. బావకది ఒకసారి చెప్పినా చాలు. పడవకు రెండు పక్కలా చేప బొమ్మ వేసేటప్పుడు రెండు చేపల తలలూ ముందుకే చూడాలి. లేకపోతే పడవ వెనక్కి పోతున్నట్టుందని మైపాడు వాళ్లు గొడవ పెడతారు. ఇదీ అంతే గదా అన్నాడు బావ.

కాషాయం, పచ్చ. రెండూ ఒకేచోట. అదీ అర్ధరూపాయంత బిళ్లలో. పన్నెండు ఆరులు డెబ్బైరెండు సార్లు. ఎరుపు లాగే కాషాయమూ నా కంటికి పచ్చతో కలిసిపోతుంది.

గుండ్రటి ఒంటి మీద అంత చిన్న బిళ్ల నేరుగా వేస్తే వంకర పోతుందని బావ ఒక ఉపాయం చెప్పాడు. సైకిళ్ల మీద నీళ్లతో తడిపి అంటించే బొమ్మలుంటాయే, అలాంటివి మనమే చేసుకోవాలన్నాడు. తుమ్మజిగురు నానబెట్టి పల్చగా కాగితానికి పూసి ఎండబెట్టాలి. దాని మీద కంపాసుతో గీసి పెయింటు వేయాలి. ముందు పెద్ద వృత్తం కాషాయంతో నింపి, ఆరాక దాని మీద కొంచెం చిన్నది తెల్లది, అదీ ఆరాక మధ్యలో పచ్చ చుక్క. పైన పల్చగా వార్నీషు. తర్వాత బిళ్ల కత్తిరించి నీళ్లలో వేస్తే జిగురు కరిగి, కాగితం కిందికి దిగిపోతుంది, పెయింటు పొర ఒక్కటే వేలి మీదికి జారి వస్తుంది. దాన్ని విమానం మీద పెట్టి తడి గుడ్డతో అద్దాలి. అంటుకున్న తర్వాత మొత్తం విమానానికి మళ్లీ వార్నీషు కొడితే ఇక ఊడదు.

పన్నెండింటికీ సిల్వరు పెయింటు ఇద్దరం కలిసి కొట్టాం. ఇంతలో మైపాడు నుంచి కబురొచ్చింది. వేటకు వెళ్లే లోపు మూడు పడవలకు రంగులు కావాలట. బావ నాలుగు రోజులు అక్కడే ఉండాలి. బిళ్లల పని నాకు వదిలేసి, కాషాయమూ పచ్చా ఆయనే కలిపి రెండు టెంకాయ చిప్పల్లో పోశాడు. మీగడ కట్టకుండా పైన కాసిని నీళ్లు కూడా పోశాడు. టెంకాయ చిప్ప నేల మీద నిలబడదు కాబట్టి పీచు తాడును చుట్టగా చుట్టి దాని మీద కూర్చోబెడతాం. బావ బస్సెక్కగానే నేను చేసిన మొదటి పని, కాషాయం చిప్ప కింద ఉన్న చుట్టకు ఒక ముడి వేయడం. ముడి ఉంటే కాషాయం, లేకపోతే పచ్చ. ఇక ఎవడేం చేయగలడు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నేను కంపాసు ముల్లు సాన పెట్టించుకోడానికి వెళ్లిన అరగంటలో కాలం కాని కాలంలో వాన పడింది. తిరిగొచ్చేసరికి వెలిసింది కూడా. చిప్పలు రెండూ వాటి చుట్టల మీద నిక్షేపంగా ఉన్నాయి. పంచలోకి జల్లు కొడుతుంటే అమ్మ చిప్పలను లోపలికి తీసుకెళ్లి, వాన ఆగాక మళ్లీ తెచ్చి పెట్టింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా. నేను సరేలే అన్నాను. ఏ చిప్ప ఏ చుట్ట మీద పెట్టావని అడగాలని నాకు తట్టలేదు. ఆమెకు ఆ ముడి సంగతే తెలియదు.

మూడు రోజులు దీక్షగా కూర్చున్నాను. మొదటి రోజు ముడి ఉన్న చుట్ట మీది చిప్పతో పెద్ద వృత్తాలు. రెండో రోజు తెల్లవి. మూడో రోజు ఉదయం మధ్య చుక్కలు. తోక పట్టీలు కూడా అలాగే, ఇరవై నాలుగు. అంత హాయిగా నేనెప్పుడూ రంగుల పని చేయలేదు. బావ కలిపి పెట్టాడు, నేను గుర్తు పెట్టుకున్నాను, ఇక అనుమానమే లేదు. వృత్తం అంచు వెంట్రుకవాసి కూడా చెదరలేదు. పాట కూడా పాడుకున్నానని అక్క తర్వాత చెప్పింది.

అంటించడం మొదలుపెట్టినప్పుడే చిన్న చిక్కొచ్చింది. మా పెరటి బావి నీళ్లు ఉప్పన. సముద్రం దగ్గరి ఊళ్లలో అది మామూలే. ఆ నీళ్లలో తడిపి అంటించిన మొదటి ఆరు బిళ్లలూ ఆరేసరికి చుట్టూ తెల్లటి పొక్కు లేచింది. ఉప్పు. తుడిస్తే సిల్వరు మీద మరక. అప్పుడు వంటింట్లోకి వెళ్లి తాగే నీళ్ల బిందె తెచ్చుకున్నాను. మంచినీళ్ల కోసం అక్క మైలు నడిచి వెళ్లేది. మనుషులు తాగే నీళ్లు బొమ్మలకు పోస్తావా అని అరిచింది. నేనూ అరిచాను. చివరకు ఒక చెంబుడు దక్కించుకున్నాను. ఆ చెంబు నీళ్లతోనే తక్కినవన్నీ పూర్తి చేశాను. బిళ్ల నీళ్లలో మెలిక తిరిగి, మళ్లీ సర్దుకుని, వేలి కింద మెత్తగా కదులుతుంది. దాన్ని రెక్క మీదికి జార్చి, సరిగ్గా కుదిరిందని చూసుకుని గుడ్డతో అద్దినప్పుడు కలిగే తృప్తి ఇంత అని చెప్పలేను. మూడో రోజు సాయంత్రానికి బిళ్లలు, నాలుగో రోజు మధ్యాహ్నానికి తోకలు అయిపోయాయి.

పన్నెండు విమానాలనూ పంచలో తాడు కట్టి వేలాడదీశాను. అక్క వచ్చి చూసి, ఎంత బాగున్నాయిరా అంది. నీళ్ల సంగతి మర్చిపోయింది. అమ్మ ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. వాళ్లకు మూడు రంగులు కనపడ్డాయి. ఏది బయట, ఏది లోపల అని వాళ్లెవరూ అడగలేదు. అడగడానికి వాళ్లకేం తెలుసు. వార్నీషు రేపు కొడదామనుకుని నేను కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

ఆ రోజు గురువారం. ఇంకా పొద్దుండగానే బావ బస్సు దిగాడు. చేతులకు పెయింటు, చొక్కా నిండా చేపల వాసన. పంచలోకి వస్తూనే తల పైకెత్తి నిలబడిపోయాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురు చూస్తున్నాను. ఆయన ఒక విమానాన్ని వేలితో తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఇంకోదాన్ని. తర్వాత తోక చూశాడు.

"ఇదేందిరా అబ్బయ్యా, పచ్చ బయట పెట్టినావు?" అన్నాడు.

విమానాల వైపు చూశాను. నాకు ఏ తేడా కనపడలేదు. ఇందాక ఎంత బాగున్నాయో ఇప్పుడూ అంత బాగున్నాయి. ఆయన చెప్తున్నాడు కాబట్టి అది నిజమే అయి ఉండాలి. ఎక్కడ తప్పిందో ఆ క్షణంలో ఊహకు రాలేదు. కానీ నోరు మాత్రం ఆరేళ్ల అలవాటు ప్రకారం నడిచింది. అయ్యవారు అట్నే చెప్పినాడు బావా, కాగితంలో అట్నే ఉండాది అన్నాను. కాగితం ఏదీ అన్నాడు. వానకు తడిసి పోయిందన్నాను. నిజానికి అది నా చొక్కా జేబులోనే ఉంది.

బావ కొంచెంసేపు ఆలోచించాడు. నా మీద అనుమానం లేదు ఆయనకు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. పాపం అయ్యవారు తప్పు రాసిచ్చినట్టున్నాడు, ఆ ఆఫీసరు ముందు అందరిలో తల దించుకోవాల్సి వస్తుంది, ఇప్పుడే పోయి చెప్పి వస్తానని గోడకానించిన సైకిలు తీశాడు. నాలుగు రోజులు పడవల దగ్గర ఎండలో మాడి వచ్చిన మనిషి, మంచినీళ్లు కూడా తాగకుండా, తప్పు చేయని ఇంకో మనిషిని కాపాడటానికి బయలుదేరుతున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. సైకిలు మలుపు తిరిగింది.

ఏం కోపం వచ్చిందో చెప్పలేను. ఈసారి నా మీదే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. కాలవ దగ్గర అందుకున్నాను. బావా ఆగు అని వెనక చక్రం పట్టుకున్నంత పని చేశాను. ఆయన దిగాడు. నా రొప్పు తగ్గేదాకా ఆగాడు.

"అయ్యవారి తప్పేం లేదు బావా. కాగితం నా జోబీలో ఉండాది. నాకే కనపడదు."

"ఏంది కనపడంది?"

"ఎరుపూ పచ్చా. రెండూ ఒకటే మాదిరి ఉంటాయి నాకు. చిన్నప్పట్నుంచీ అంతే."

ఆయనకది అర్థం కాలేదు. అర్థం కావడం ఎవరికైనా కష్టమే. నేను ఏదో సాకు చెప్తున్నానని అనుకున్నట్టున్నాడు. అటూ ఇటూ చూసి, కాలవ గట్టున ఒక ఇంటి కంచె మీద ఆరేసిన రెండు చీరలు చూపించాడు. వాటిలో పచ్చది ఏదో చెప్పమన్నాడు. నేను చాలాసేపు చూశాను. చెప్పకుండా తప్పించుకునే వీలు లేదు. ఎడం చేతి వైపుది అన్నాను.

"రెండూ ఎర్రవే గదరా," అన్నాడు బావ.

ఆయన సైకిలు స్టాండు వేసి కాలవ గట్టు మీద కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను. విచిత్రమేమిటంటే, అలా అనుకుంటున్నప్పుడే ఒళ్లంతా తేలిక పడింది. పోతే పోయింది, ఇక లెక్క పెట్టుకోవాల్సిన గీతలు లేవు, గుర్తు పెట్టుకోవాల్సిన ముడులు లేవు. ఆరేళ్లలో ఎప్పుడూ అంత సుఖంగా ఊపిరి తీసుకోలేదు. ఆయన అడిగినవన్నీ చెప్పాను. డబ్బాల అడుగున గీతలు, ఇంకొంచెం ముదురు అనే మాట, పీచు చుట్టకు ముడి. ముడి మాట చెప్తుంటే వాన గుర్తొచ్చింది, ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. అమ్మ చిప్పలు తారుమారు చేసి పెట్టింది. ఆమెను అనడానికేముంది. కళ్లున్న ఎవడైనా చిప్పలోకి చూసి తెలుసుకుంటాడు.

అంతా విని బావ అన్న మొదటి మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లు పక్కన కూర్చోని నన్నొక మాట అడగలేకపోయినావా అన్నాడు. కోప్పడలేదు. నొచ్చుకున్నాడు. నువ్వు పంపించేస్తావని భయపడ్డాను అన్నాను.

"నిన్ను పంపించేసి ఆ అక్షరాలు ఎవురి చేత రాపించేదిరా? గీత నీది, రంగు నాది. ఇప్పుడైనా అంతే గదా జరిగేది," అని లేచి మట్టి దులుపుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "వార్నీషు కొట్టినావా?"

ఇంకా లేదన్నాను.

"అయితే బతికినాం," అన్నాడు.

నిజంగానే బతికాం. పై వార్నీషు పడి ఉంటే బిళ్లలను చెక్కి తీయాల్సి వచ్చేది, సిల్వరు కూడా లేచిపోయేది. పడలేదు కాబట్టి గోరువెచ్చటి నీళ్ల గుడ్డ వేసి ఉంచితే జిగురు కరిగి బిళ్లలు వాటంతట అవే వదిలేస్తాయి. పచ్చ మీద కాషాయం పూస్తే నిలవదు కాబట్టి అన్నీ కొత్తవి చేయాల్సిందే. శుక్రవారం, శనివారం ఉన్నాయి. ఆదివారం మా ఇంట్లో పని ముట్టరు, చర్చికి పోవాలి. ఎండ బాగా కాస్తే రెండు రోజుల్లో అయిపోతుందని బావ దారి పొడవునా లెక్కలు వేస్తూ వచ్చాడు. సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే నడిచాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పంచలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. బావ దాచుకోలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నాకు సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. అమ్మ ఏడుస్తుందేమో, ఇంత కాలం ఎందుకు దాచావని అడుగుతుందేమో అని నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆమె చేట పక్కన పెట్టలేదు. ఏరుతూనే ఉంది.

"మా నాయనకీ అంతే గదా," అంది.

నేను తల ఎత్తాను. మా తాత నేను పుట్టక ముందే పోయాడు. కోట అనే ఊరి దగ్గర వాళ్లకు మిరపతోట ఉండేదని తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు. అమ్మ మామూలుగా, అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పింది. ఆయనకు పండు మిరపకాయేదో పచ్చి మిరపకాయేదో తెలిసేది కాదట. చెట్టుకుంటే అసలు కాయే కనపడేది కాదట. ఊరంతా తెలుసట ఆ సంగతి. ఆ చుట్టుపక్కల అంత బాగా మిరప పండించినవాళ్లు కూడా లేరట.

మరి కాయలు ఎట్లా కోసేవాడని అడిగాను.

"అడిగేవోడు. ఇది పండిందా అమ్మే అని పక్కనున్నోళ్లను అడిగేవోడు. వాళ్లు చెప్పేవోళ్లు. దాంట్లో ఏముండాది?"

నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్లూ అన్నాను. నువ్వెప్పుడన్నా అడిగితే గదా అంది అమ్మ. ఆ మాట నిజమే. చిలక బొమ్మకు తిన్న దెబ్బల గురించి కూడా ఇంట్లో చెప్పలేదు నేను. చెప్పి ఉంటే ఆ రాత్రి అన్నం దగ్గరే తేలిపోయేది. పదిహేనేళ్లు నా ఒక్కడి లోపం అనుకుని నేను మోసింది, నాకు ముక్కూ చెవులూ ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడి నుంచే వచ్చిందన్నమాట. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. అక్క లోపల్నుంచి వచ్చి వీడికేమైందని అడిగింది. బావ ఏమీ లేదులే, బిందె ఇటు తీసుకురా, మళ్లీ మంచినీళ్లు కావాల అన్నాడు. దానికి మాత్రం అక్క బాగానే అరిచింది.

మర్నాడు పొద్దున బావ, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. చిప్పలు రెండూ మధ్యలో ఉన్నాయి. కంపాసు తీసుకుని చెయ్యి చాచాను. అలవాటుగా చుట్టల వైపు చూడబోయి మానుకున్నాను. బావా, ఇందులో కాషాయం ఏది అని అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు, కుడి చేతి పక్కది అన్నాడు. అంతే. దానికోసమా ఆరేళ్లు అంత యాతన పడ్డాను అనిపించింది. ఆ రోజంతా ఊరికే అడిగాను. తెలిసినప్పుడు కూడా అడిగాను. మధ్యాహ్నానికి బావ విసుక్కుని, ఇందాకే గదరా చెప్పింది అన్నాడు. నాకు ఆ విసుగు కూడా బాగానే ఉంది.

శనివారం పొద్దు గుంకే ముందు పన్నెండో విమానానికి తోక పట్టీ అంటించి వార్నీషు కొట్టాం. ఈసారి అంచులు ముందు వేసినంత నున్నగా రాలేదు. తొందర పడ్డాం. ఒకటి రెండు బిళ్లల్లో చుక్క కొంచెం పక్కకు పోయింది. బావ పర్వాలేదన్నాడు, కింద నుంచి చూసేవాళ్లకు తెలియదన్నాడు. మామూలుగా అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ రోజు ఒప్పుకున్నాను.

సోమవారం స్కూలు హాల్లో విమానాలన్నీ దూలాలకు వేలాడుతున్నాయి. కిటికీల్లోంచి సముద్రపు గాలి వస్తుంటే ముక్కులన్నీ ఒకే వైపు తిరిగేవి. ఆఫీసరు వచ్చి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, ఒక్కో రకం పేరు చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు. ఆయన ఏదీ తప్పు పట్టలేదు. నేను గోడ వారగా నిలబడ్డాను. బావకు వేరే పని ఉండి రాలేదు. అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, నాకున్న తిప్పలు నాకున్నాయి. బిళ్లలు ఈసారి సరిగ్గా వచ్చాయో లేదో నా కంటితో నేను చూసి చెప్పుకోలేను. పక్కన సైన్సు అయ్యవారు నిలబడి ఉన్నాడు. చుట్టూ పంతుళ్లు, ఊరి పెద్దలు, పిల్లలు. పిల్లల్లో నవ్వేవాళ్లూ ఉంటారు.

"సార్, బయటుండేది కాషాయమేనా?" అని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "వేసింది నువ్వే గదయ్యా?"

"నేనే సార్. నాకు రంగులు తెలియవు."

గట్టిగానే అన్నాను. ముందు వరసలో ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. అయ్యవారు ఒక్క క్షణం నన్నూ, పైనున్న విమానాలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, నా కోసం తల ఎత్తి ఒక్కోదాన్నీ జాగ్రత్తగా, పన్నెండింటినీ చూశాడు.

"కాషాయమే," అన్నాడు. "అన్నిటికీ."